మేడ మీద పరీక్ష గది: పని డైరీ

రోజు 1

అక్క కూతురు రాత్రి అనకాపల్లి నుంచి వచ్చింది. చెప్పులు విప్పకుండానే ఫోన్ తీసి స్కోరు కార్డు చూపించింది. పీటీఈ అకడమిక్, విదేశీ చదువుకు కంప్యూటర్ మీద రాసే ఇంగ్లీషు పరీక్ష. స్కోరు 90కి. లిజనింగ్ 61, రీడింగ్ 58, రైటింగ్ 60, స్పీకింగ్ 44. తను అప్లై చేసిన ఆస్ట్రేలియా యూనివర్సిటీ ఏ ఒక్కదాంట్లోనూ 50కి తగ్గకూడదంటోంది. ఫీజు పదిహేను వేలకు పైమాటే. అక్క చీటీ పాడి కట్టిన డబ్బు.

పిల్లకు ఇంగ్లీషు రాదా అంటే, ఇంట్లో అందరికంటే తనే బాగా మాట్లాడుతుంది. ఏమైందని అడిగాను.

"మావయ్యా, గదిలో అందరం ఒకేసారి మైకులో మాట్లాడాలి. పక్కతను గట్టిగా చదువుతున్నాడు. నా పేరా నేను చదువుతుంటే మధ్యలో అతని మాటలు నా నోట్లోకి వచ్చేశాయి. ఆగిపోయాను. మళ్లీ అందుకునేలోపు మైకు కట్టేసుకుంది."

అది నిజమే. పీటీఈలో మూడు సెకన్లు నిశ్శబ్దంగా ఉంటే రికార్డింగ్ ఆగిపోతుంది. ఆ ప్రశ్న అక్కడితో సరి. వెనక్కి వెళ్లడానికి లేదు.

నేను స్టీల్ ప్లాంట్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్, అంటే కొలత పరికరాల పని చేసి రిటైరయ్యాను. వర్క్‌షాపు బెంచి మీద సరిగ్గా చూపించిన గేజి, ప్లాంటులో బిగించాక తప్పు చూపిస్తే మేం వెంటనే గేజి మార్చం. చుట్టూ వేడెంత, అదురెంత అని చూస్తాం. ఈ పిల్లకు కూడా మళ్లీ గ్రామర్ పుస్తకాలు కొనడం కాదు, ఆ హాలు లాంటి చోటు కావాలి. మేడ మీద సామాన్ల గది ఖాళీ చేసి అక్కడ కడదామని నిర్ణయించాం. పరీక్ష తేదీ మాత్రం ఇప్పుడే బుక్ చేయొద్దన్నాను. ముందు గది పనికొస్తుందో లేదో తేలాలి.

రోజు 2

గాజువాకలో 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు ఒకటి తెచ్చాను. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు. నిలువునా రెండు అడుగుల పట్టీలుగా రెండు కోయించాను. ఒక్కో పట్టీని మళ్లీ మూడడుగుల ముక్క ఒకటి, రెండున్నర అడుగుల ముక్కలు రెండు చేస్తే సరిగ్గా ఎనిమిది. మూడడుగులది ఎదురు పలక, మిగతావి పక్క పలకలు. కబ్జాలు బిగించి బల్ల మీద నిలబెడితే ఒక బూత్. షీటు మొత్తానికి రెండు బూత్‌లు వచ్చాయి, ముక్క వృథా కాలేదు. వడ్రంగి తమ్ముడు గంటలో పని ముగించాడు.

కంప్యూటర్ మా అబ్బాయి వదిలేసిన పాతది. మైకు ఉన్న హెడ్‌సెట్ కొత్తది కొన్నాం.

రోజు 4

పొరపాటు చేశాను, రాసిపెడుతున్నాను. రెండు రోజులు కూర్చుని పలకలకు లోపల పాత బొంత కొట్టాను, కిటికీకి దుప్పటి కట్టాను, తలుపు సందుల్లో స్పాంజి పెట్టాను. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ పెట్టి చూస్తే రీడింగు బాగా దిగింది. పిల్ల కూర్చుని చదివితే అక్షరం పొల్లుపోకుండా చదివింది. చాలా సంతోషించాను.

రాత్రి పడుకున్నాక తట్టింది. ఇంత ప్రశాంతంగా ఉంటే తను ఎప్పుడూ బాగానే చదివేది. నేను మళ్లీ బెంచి మీదే టెస్ట్ చేశాను. పొద్దున్నే లేచి బొంత, దుప్పటి, స్పాంజి అన్నీ పీకేశాను. పలకలు మాత్రం ఉంచాను, ఎందుకంటే పరీక్ష గదిలోనూ అలాంటి అడ్డే ఉంటుంది. మనిషి కనబడడు, మాట వినబడుతుంది.

రోజు 5

గోల కావాలి కదా అని పొద్దున ఏడింటికి పూర్ణా మార్కెట్‌కి వెళ్లి అరగంట రికార్డు చేసుకొచ్చాను. కూరగాయల బేరాలు, ఆటోల హారన్లు, హమాలీల కేకలు. స్పీకర్లో పెద్దగా పెట్టి పిల్లను చదవమన్నాను. తడుముకోకుండా చదివేసింది!

"ఇది మనకు పుట్టినప్పట్నుంచీ ఉన్న గోలే కదా మావయ్యా" అంది.

దీని గురించి చాలాసేపు ఆలోచించాను. మార్కెట్ గోల ఎంత పెద్దదైనా చెవి దాన్ని పక్కకు నెట్టేస్తుంది, అందులో మనం పట్టించుకోవాల్సిన మాట లేదు గనుక. పరీక్ష హాలులో పక్కవాడు మాట్లాడేది మనం మాట్లాడాల్సిన భాషే, మన లాంటి పేరానే, మన వేగంతోనే. చెవి దాన్ని గోల అనుకోదు, మాట అనుకుంటుంది. అందుకే నోరు తడబడుతుంది. మనకు కావాల్సింది పెద్ద శబ్దం కాదు, ఇంగ్లీషు మాటలు.

రోజు 7

మా వీధిలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు నలుగురిని టీకి పిలిచాను. నలుగురికీ నాలుగు వేర్వేరు పేరాలు ఇచ్చి, ఎవరి ఫోన్‌లో వాళ్లు పది నిమిషాలు గట్టిగా చదివి రికార్డు చేయమన్నాను. మధ్యలో దగ్గినా, తప్పు చదివి మళ్లీ మొదలెట్టినా అలాగే ఉంచమన్నాను. నాలుగు ఫోన్లనూ బూత్ చుట్టూ పెట్టి ఒకేసారి మోగించాం.

పది పేరాలు చదివితే ఐదింట్లో ఆగిపోయింది. రెండుసార్లు అచ్చం పరీక్షలో జరిగినట్టే, పక్క ఫోన్లో మాట తన నోటివెంట వచ్చింది. పిల్ల మొహం వాడిపోయింది గానీ, నాకు మాత్రం గది పనిచేసిందని ధైర్యం వచ్చింది. లోపం ఇంట్లో కనబడితేనే కదా బాగుచేసుకోగలం.

ఇంకో సంగతి కూడా బయటపడింది. ఫోన్లు మోగడం మొదలవగానే తను తెలియకుండానే గొంతు పెంచేస్తోంది. చుట్టూ శబ్దం పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని 1911లో ఎతియెన్ లంబార్డ్ అనే ఫ్రెంచి డాక్టరు రాశాడు. ఈయన పేరుతోనే దాన్ని లంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసిన మా అందరికీ అది ఒంట్లోనే తెలుసు, షిఫ్టు దిగి ఇంటికొచ్చాక కూడా అరిచినట్టు మాట్లాడేవాళ్లం. గొంతు పెంచితే ఊపిరి తొందరగా అయిపోతుంది. వాక్యం సగంలోనే ఊపిరి తీసుకోవాల్సి వస్తుంది. పిల్ల ఆగుతున్నది చాలావరకు అక్కడే.

రోజు 9

ఆగిన చోట్లు లెక్కపెట్టడానికి మనిషి కావాలి. నేను కూర్చుంటే అర్థం వెంట వెళ్లిపోతున్నాను, లెక్క తప్పుతోంది. మా ఆవిడ "నేను వింటాను" అంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. అందుకే ఈ పనికి ఆమెను మించినవాళ్లు లేరు. మాటలు అర్థం కావు కాబట్టి గొంతు ఎక్కడ తెగిందో, ఎక్కడ సాగిందో అదే వినబడుతుంది. వంటింట్లోంచి గుప్పెడు చింతపిక్కలు, స్టీలు గ్లాసు తెచ్చుకుంది. పిల్ల ఆగినప్పుడల్లా ఒక పిక్క గ్లాసులో వేస్తుంది.

ఆరు పేరాలకు 14 పిక్కలు.

పరీక్షలో రీడ్ ఎలౌడ్ అంటే తెర మీది పేరాను పైకి చదవడం, పేరా అరవై మాటల దాకా ఉంటుంది. చదివే ముందు 30 నుంచి 40 సెకన్లు ఇస్తారు. తను ఆ టైములో కష్టమైన మాటలు వెతుక్కునేది. ఇప్పుడు దాన్ని మార్చాం. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కళ్లతో గుర్తుపెట్టుకోవడమే పని. కామా దగ్గర, "విచ్", "బట్", "బికాజ్" లాంటి మాటలకు ముందు. తెలియని మాట వస్తే తోచినట్టు పలికి ముందుకు పోవాలి. ఒక మాట తప్పు పలికితే పోయేది కొంచెమే, ఆగిపోతే ఫ్లూయెన్సీ, అంటే మాట ధార, మొత్తం దెబ్బతింటుంది.

రిపీట్ సెంటెన్స్‌లో, అంటే విన్న వాక్యాన్ని తిరిగి చెప్పే ప్రశ్నలో, ఇంకో చిక్కు. రీడ్ ఎలౌడ్‌లో మైకు తెరుచుకునే ముందు బీప్ వస్తుంది, ఇందులో రాదు. తను బీప్ కోసం చూస్తూ కూర్చుంటోంది, విన్న వాక్యం ఆ లోపే చెదిరిపోతోంది. ఫోన్లో వాక్యాలు బీప్ లేకుండా, ఒక్కో సెకను ఖాళీతో రికార్డు చేసి ఇచ్చాను. రోజుకు ముప్పై.

రోజు 12

మేడ మీద ఏదో కట్టానని వీధంతా తెలిసిపోయింది. పొద్దున్నుంచి ముగ్గురు తండ్రులు వచ్చారు. అందరిదీ ఒకే ప్రశ్న, "మావాడికి ఐఈఎల్‌టీఎస్సా, టోఫెలా, ఏది ఈజీ సార్?" నేను తిరిగి అడిగాను, ఏ దేశం, ఏ యూనివర్సిటీ? ఇద్దరికి ఇంకా తెలియదు. ముందు దేశం, తర్వాత యూనివర్సిటీ, ఆ తర్వాతే పరీక్ష. ఈ వరస తలకిందులైతే డబ్బు పోతుంది. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి, సాయంత్రం డ్రాయింగ్ షీటు మీద రాసి గోడకు అంటించాను.

ఈ ఇంగ్లీషు పరీక్షల్లో పాతది టోఫెల్, 1964 నుంచి ఉంది, అమెరికాలోని ఈటీఎస్ వాళ్లది. చాలా ఏళ్లుగా 120కి వేసే స్కోరు 2026 జనవరి నుంచి 1 నుంచి 6 స్కేలుకు మారింది, కొంతకాలం పాత 120 లెక్క కూడా పక్కనే ఇస్తారు. ఐఈఎల్‌టీఎస్ ఈ పేరుతో 1989లో వచ్చింది, బ్రిటిష్ కౌన్సిల్, ఐడీపీ, కేంబ్రిడ్జి కలిసి నడుపుతాయి, బ్యాండు, అంటే స్కోరు, 0 నుంచి 9. స్పీకింగు మైకుతో కాదు, ఎగ్జామినర్‌తో 11 నుంచి 14 నిమిషాల సంభాషణ. పీటీఈ అకడమిక్ 2009లో వచ్చింది, పియర్సన్‌ది, 10 నుంచి 90. స్కోరు ఎక్కువగా యంత్రమే వేస్తుంది, ఈమధ్య కొన్ని ప్రశ్నల్ని మనుషులు కూడా చూస్తున్నారు. డ్యుయొలింగో ఇంట్లోనే కూర్చుని రాసేది, స్కోరు 160కి. గదిలో ఇంకెవరూ ఉండకూడదు, చెవులు కెమెరాకు కనబడాలి. ఈ నాలుగింటి స్కోరూ రెండేళ్లే చెల్లుతుంది.

వీసా సంగతి వేరే రంగు పెన్నుతో రాశాను, ఎందుకంటే మోసపోతున్నది అక్కడే. యూనివర్సిటీ ఒప్పుకున్న పరీక్షను వీసా ఆఫీసు ఒప్పుకోవాలని లేదు. ఇంట్లో రాసిన పరీక్ష ఆస్ట్రేలియా వీసాకు చెల్లదు. బ్రిటన్‌లో డిగ్రీ, ఆపై చదువులకైతే యూనివర్సిటీయే పిల్లవాడి ఇంగ్లీషును తేల్చి చెప్పొచ్చు, లేదంటే అక్కడి ప్రభుత్వం ఒప్పుకున్న పరీక్షే, ఒప్పుకున్న సెంటర్లోనే రాయాలి. అమెరికా స్టూడెంట్ వీసాకు ఇంత స్కోరు అని గీత లేదు, అక్కడ యూనివర్సిటీదే మాట.

ఐఈఎల్‌టీఎస్‌లో సగటు లెక్క చాలామందికి తెలియదు. 6.5, 6.5, 6, 6 వస్తే సగటు 6.25, అది 6.5కి పెరుగుతుంది. 6.5, 6, 6, 6 వస్తే 6.125, అది 6కి దిగుతుంది. ఒక్క అరబ్యాండు దగ్గర సీటు ఆగిపోతుంది. కంప్యూటర్ మీద రాస్తే ఒక్క నైపుణ్యాన్ని మాత్రమే 60 రోజుల్లోపు మళ్లీ రాసే వీలుంది, కానీ దాన్ని అన్ని యూనివర్సిటీలూ ఒప్పుకోవు, ముందే అడగాలి. మా పిల్లకు పీటీఈలో ఆ అవకాశం లేదు, అన్నీ మళ్లీ రాయాల్సిందే.

షీటు అడుగున పెద్దక్షరాలతో పాస్‌పోర్టు సంగతి రాశాను. మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. బుకింగులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఒక తండ్రి అక్కడికక్కడే కొడుక్కి ఫోన్ చేసి సరిచూసుకున్నాడు.

రోజు 15

ఆరు పేరాలకు 9 పిక్కలు.

రోజు 16

ఈ రోజంతా డిక్టేషనే. రైట్ ఫ్రమ్ డిక్టేషన్‌లో వాక్యం ఒక్కసారే వినిపిస్తారు, సరిగ్గా రాసిన ప్రతి మాటకూ మార్కు. లిజనింగుకూ రైటింగుకూ రెండింటికీ కలిసొస్తుంది. తనకు లిజనింగ్ బాగానే ఉంది కదా అని దీన్ని వదిలేసింది. నేను వదలనివ్వలేదు.

"ద స్టూడెంట్స్ సబ్మిటెడ్ దెయిర్ అసైన్‌మెంట్స్ బిఫోర్ ద డెడ్‌లైన్." ఇది వినిపించాను. తను రాసింది, "స్టూడెంట్ సబ్మిట్ దెయిర్ అసైన్‌మెంట్ బిఫోర్ డెడ్‌లైన్." అర్థం మొత్తం పట్టుకుంది. ఎనిమిది మాటల్లో ఐదు పోయాయి.

ఇరవై వాక్యాలు రాయించి, తప్పుల్ని ఒక నోటుబుక్కులో ఎక్కించాం. 41 తప్పుల్లో 29 ఇవే. చివరి "స్", చివరి "డ్", ముందు "ద", "ఎ". స్పెల్లింగు తప్పులు నాలుగే. తెలియని మాట ఒక్కటే.

ఇందులో పిల్ల తప్పు తక్కువ, మన భాష అలవాటు ఎక్కువ. తెలుగులో "ద", "ఎ" లాంటివి లేవు, అందుకే మన చెవి వాటిని మాటగా లెక్కపెట్టదు. మనకు బహువచనం అంటే "లు", నోరు నిండా వినబడేది. "టెస్ట్స్" అన్నప్పుడు చివర్న మూడు హల్లులు గుద్దుకుని, ఆఖరి "స్" గాలిలా పోతుంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, వాళ్ల మాటలు చాలావరకు హల్లుతో. బస్ మనకు బస్సు అయింది, రోడ్ రోడ్డు అయింది, పెన్ పెన్ను అయింది. ఆ అచ్చు లేకపోతే మాట ముగిసినట్టే అనిపించదు.

అందుకని వినే పద్ధతి మార్చాం. వాక్యం విన్నాక రాసేముందు వేళ్ల మీద లెక్కపెట్టాలి, ఎంతమంది, ఎప్పుడు. ఒకరా, చాలామందా. జరిగిందా, జరుగుతోందా. ఈ రెండూ తేల్చుకుంటే "స్", "డ్" వాటంతట అవే వస్తాయి. సాయంత్రం మళ్లీ ఇరవై వాక్యాలు రాస్తే 17 తప్పులు.

రోజు 20

అదే అలవాటు నోట్లోనూ ఉంది. మామూలుగా మాట్లాడేటప్పుడు కనబడదు గానీ, నాలుగు ఫోన్లూ మోగుతూ తొందర పడ్డప్పుడు "అండు", "వర్కు", "హెల్పు" అని వస్తోంది. మా ఆవిడ దీన్ని కూడా పట్టేసింది, "వెనకాల ఏదో తోక తగిలిస్తోంది" అని. దానికి పిక్కలు కాకుండా వేరుశెనగ పొట్టు వేస్తోంది.

మాటలో ఏ ముక్కను గట్టిగా పలకాలనేది ఇంకో పాఠం. "ఎకానమీ"లో బరువు "కా" మీద. "ఎకనామిక్" అనగానే "నా" మీదికి జరిగిపోతుంది. "డెవలప్"లో "వ" మీద. మనం తెలుగులో అన్ని అక్షరాలకూ దాదాపు సమానంగా బరువిస్తాం కాబట్టి ఇది చెప్తే గానీ తెలియదు. బరువున్న చోట బల్ల మీద వేలితో కొట్టమన్నాను. ఆ చప్పుడు మైకులో పడింది. మోకాలి మీద కొట్టుకోమన్నాను, సరిపోయింది.

ఒక కోచింగ్ సెంటర్లో డిస్క్రైబ్ ఇమేజ్‌కి, అంటే బొమ్మో గ్రాఫో చూసి వివరించే ప్రశ్నకి, బట్టీ కొట్టించిన టెంప్లేటు తన నోట్‌బుక్కులో చూశాను. ఏ బొమ్మ వచ్చినా అవే నాలుగు వాక్యాలు. దాన్ని పక్కన పెట్టించాను. బొమ్మ చూడటానికి 25 సెకన్లు, మాట్లాడటానికి 40 సెకన్లు. ఆ పాతిక సెకన్లలో అన్నిటికంటే పెద్దది ఏది, చిన్నది ఏది, ఎటు మారుతోంది అని మూడు చూసుకుంటే మాట్లాడటానికి చాలు. రోజూ పేపర్లో వచ్చే గ్రాఫులు కత్తిరించి ఇస్తున్నాను.

రోజు 22

3 పిక్కలు. తేదీ బుక్ చేశాం. పేరు నేను రెండుసార్లు, తను రెండుసార్లు సరిచూశాం.

రోజు 26

మొదటి పూర్తి మాక్, అంటే నమూనా పరీక్ష. రెండు గంటలు లేవకూడదని రూలు పెట్టాం. రెండో బూత్‌లో ఇంజనీరింగ్ కుర్రాణ్ణి కూర్చోబెట్టి, ఫోన్లకు తోడు అతన్ని కూడా గట్టిగా మాట్లాడమన్నాం. నలభయ్యో నిమిషంలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగి చెమటలు. వైజాగ్ ఉక్కపోత తెలిసిందే కదా. పిల్ల లేవలేదు. చేతిలో ఉన్న పేరా చదువుతూనే ఉంది, కుర్రాడు కూడా ఆపలేదు. కరెంటు వచ్చాక కొత్తగా మొదలెట్టాం గానీ, నా లెక్కలో తను ఆ రోజే గట్టెక్కింది.

రోజు 33

పొద్దున్నే వెళ్లాం. ఒరిజినల్ పాస్‌పోర్టు తప్ప ఏమీ లోపలికి తీసుకెళ్లనివ్వరు. నేను బయట టీ కొట్టు దగ్గర కూర్చున్నాను. నాకే టెన్షన్.

తను బయటికొచ్చి ముందుగా చెప్పింది, "ఈసారి పక్కన ఇద్దరు మావయ్యా. ఒకతను మనింటి నాలుగో ఫోన్ కంటే గట్టిగా చదివాడు." ఆగావా అని అడిగాను. "రెండుసార్లు. కానీ ఒక సెకనే."

రోజు 35

రాత్రి తొమ్మిదిన్నరకు మెయిల్ వచ్చింది. లిజనింగ్ 66, రీడింగ్ 59, రైటింగ్ 65, స్పీకింగ్ 62.

అక్కకు ఫోన్ చేస్తే ఏడ్చేసింది. మా ఆవిడ గ్లాసులో పిక్కలు లెక్కపెట్టి, అన్నీ ఒక కవర్లో వేసి దాచింది.

రోజు 37

పక్కింటి నర్సు అమ్మాయి వచ్చింది. ఆమెది ఓఈటీ, డాక్టర్లు, నర్సుల్లాంటి 12 వైద్య వృత్తుల వాళ్లకు పెట్టే పరీక్ష. స్పీకింగులో మైకు ముందు ఒంటరిగా మాట్లాడటం ఉండదు, ఎదుటి మనిషి రోగిలా నటిస్తాడు, ఈమె నర్సులా మాట్లాడాలి. వీధి చివరి కుర్రాడిది ఐఈఎల్‌టీఎస్, అతనికీ ఎదురుగా మనిషి కావాలి, రెండో భాగంలో ఒక్క నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాల దాకా మాట్లాడాలి. ఇద్దరికీ ఈ పలకలు అడ్డమే.

కబ్జాల స్క్రూలు విప్పి పలకలు గోడకు ఆనించాను. కుర్చీలు ఎదురెదురుగా వేశాను. రోగిగా మా ఆవిడ కూర్చుంటానంది, మోకాళ్ల నొప్పి గురించి చెప్పడానికి ఆమెకు నటించాల్సిన పని లేదు, తెలుగులో చెప్తుంది, నర్సు అమ్మాయి ఇంగ్లీషులో జవాబు చెప్పాలి. రేపు సాయంత్రం ఆరింటికి మొదటి రౌండు. రెండో కవరు పిక్కలు ఒలిచి ఉంచింది.